తెలియక పలికిన ప్రార్థన

ఇంగ్లీషు చదువు ఇంటింట ప్రవేశించిన నాటినుండి తెలుగు బిడ్డ ఆ భాషలో నేర్చు తొలిమాటలలో ‘బై’ యొకటి. అక్షరాభ్యాసమునకు ముందే, నడక యింకను కుదురుకొనకముందే, తల్లి చంకనుండి చేయి ఊపుచు శిశువు ఆ మాట పలుకును. అది ఏ భాషదో, దానికి అర్థమేమో ఆ శిశువునకుగాని, ఆ చేతిని పట్టి ఊపించుచున్న తల్లికిగాని ఆలోచింప నవసరము కలుగదు. నాకు చిన్ననాట ఇంగ్లీషు నేర్పిన వృద్ధోపాధ్యాయులొకరు, సాయంకాలపు గంట కొట్టినంతనే మేమందరము ఏకకంఠముగా ‘గుడ్‌బై సార్’ అని కేకవేసి వాకిలివైపు దూకబోవుచుండగా మమ్ములను నిలిపి, ‘ఒరే, మీరిప్పుడు నాకోసం దేవుణ్ణి ప్రార్థించారు, తెలుసునా?’ అనిరి. మాకు తెలియదు. ఆయన ఆ మాటను నల్లబల్లమీద విడదీసి వ్రాసి చూపిరి. అప్పుడు నా ప్రక్కనున్న బాలుడు, ‘మాకు తెలియకుండా చేస్తే అది ప్రార్థన ఎట్లా అవుతుందండీ?’ అని అడిగెను. ఆయన కొంతసేపు సుద్దముక్క చేతనే పట్టుకొని నిలిచి, ‘మంచి ప్రశ్నేరా, రేపు చెబుతాను’ అనిరి. మరునాడు ఆయన వ్యాకరణమే చెప్పిరి. మేమును మరల అడుగలేదు. మరల అడుగని ఆ ప్రశ్న నాతో పెరిగి పెద్దదయినది.

‘గుడ్‌బై’ చూచుటకు ఒక పదము. పుట్టుకచేత ఒక వాక్యము. ‘గాడ్ బీ విత్ యీ’, అనగా దేవుడు మీకు తోడై యుండు గాక అను ఆశీర్వచనము, ఇంగ్లీషువారి నాలుకలమీద తరతరములుగా రాకపోకలు సాగించి, జనులు నిత్యము త్రొక్కు గడప నడుమ అరిగినట్లు తానును నడుమ అరిగి, తుదకు రెండు ఊపుల చిన్నమాటగా మిగిలినది. కేంబ్రిడ్జి పండితుడును, కవి ఎడ్మండ్ స్పెన్సరునకు మిత్రుడును అయిన గేబ్రియల్ హార్వే 1573 ప్రాంతమున వ్రాసిన యొక లేఖలో ఈ మాట ‘గాడ్‌బ్వై’ అను రూపమున కానవచ్చుచున్నది. నిఘంటుకారులు చూపు ప్రథమోదాహరణములలో ఇది యొకటి. ఆ లేఖలోనే అది బహువచనమున, గాలనులతో కొలిచి పంపదగిన సరకువలె, పరిహాసముగా ప్రయుక్తమైనది. ఆ ప్రార్థన అప్పటికే అంత చనువుగల మాట అయిపోయినది కాబోలు! 1623లో అచ్చయిన షేక్‌స్పియరు నాటకముల తొలి సంపుటమున ఈ ఆశీర్వచనమే ‘బై’ అను భాగమున ‘కొనుట’ యను అర్థముగల ఇంగ్లీషు క్రియ వర్ణక్రమమును ధరించి పలుతావుల కనబడుచున్నది. ఆ వర్ణక్రమమును చూచి కొందరు, ‘దేవుడు నిన్ను కొనుగాక’, అనగా వెలయిచ్చి పాపమునుండి విడిపించుగాక అను భావమే దీని మూలమని తలచిరి. తెలుగు క్రైస్తవులు ‘విమోచన క్రయధనము’ అను మాటను ఎరుగుదురు గనుక ఈ ఊహలోని సొగసు మనకును బోధపడును. అయినను శబ్దశాస్త్రము దానిని అంగీకరింపలేదు. తోడు కోరుటయే మూలము. కొనుట తరువాతి భ్రమ.

ఇక ‘గాడ్’ ‘గుడ్’గా మారిన వైనము మరింత విచిత్రమైనది. 1884లో తొలి భాగము వెలువడి 1928లో ముగిసిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు మొదలుకొని భాషావేత్తలు చెప్పునదేమనగా, ‘గుడ్ డే’, ‘గుడ్ ఈవెనింగ్’, ‘గుడ్ నైట్’ అను మంగళవచనముల వరుసలో నిలిచిన ఈ మాట, వాటి పోలికచేత తానును ‘గుడ్’ అను ముఖమును తగిలించుకొన్నదని. ఈ మార్పును ఎవ్వరును తలపెట్టి చేయలేదు. నాస్తికుడొకడు పన్నిన పన్నుగడ కాదు, మతాధికారి విధించిన నిషేధము కాదు. దేవుడు వాక్యమునుండి వెడలిపోయెను. ఆ వెడలిపోవుటను ఎవ్వరును గమనింపలేదు. దేవుడును మంచియు ఒక్క మూలమునుండియే వచ్చినవని ఇంగ్లీషునాట సామాన్యుల విశ్వాసము. భాషావేత్తలు ఒప్పుకొనరు. ‘గుడ్’ అను శబ్దము కలియుట, కూడుట, పొసగుట అను అర్థములుగల ధాతువునకు చెందినది. ‘గాడ్’ అను శబ్దమునకు మూలము ‘పిలువబడినవాడు’ అని పలువురి అభిప్రాయము. ఋగ్వేదమున ఇంద్రునకు ‘పురుహూతుడు’, అనగా పెక్కుమందిచేత పిలువబడినవాడు అను బిరుదు కలదు గదా. ఆ ‘హూత’ శబ్దమునకు ‘గాడ్’ దూరపు చుట్టమని వారు భావింతురు. దేవుడనగా మనము పిలిచినవాడు అను ఈ భావమును పాఠకులు కొంతసేపు మనస్సున నిలుపుకొన కోరుచున్నాను. ముందు దానితో పని కలదు.

ఆ వాక్యములోని ‘బీ’ అను చిన్న క్రియ ‘ఉన్నాడు’ అని చెప్పదు. ‘ఉండు గాక’ అని కోరును. సంస్కృత వైయాకరణులు దీనికై ఆశీర్లిఙ్ అను ప్రత్యేక రూపమునే ఏర్పరచిరి. తెలుగున ‘గాక’, ‘గాత’, ‘గావుత’ అనునవి ఆ పని చేయును. ఇంగ్లీషు సామాన్యునకు ఈ ఆశీస్సు ఎచ్చటినుండి దొరకినది? 1549లో వెలువడిన ఇంగ్లండు సంఘపు ప్రార్థనగ్రంథమున గురువు జనులనుద్దేశించి ప్రభువు మీతో నుండవలెనని పలుకుటయు, జనులు ప్రత్యుత్తర మిచ్చుటయు విధింపబడినది. అంతకుముందు శతాబ్దములతరబడి లాటిన్ భాషలో అదే సాగినది. దాని పూర్వరూపము యూదుల పవిత్రగ్రంథములలోని రూతు కథయందున్నది. బోయజు అను ఆసామి బేత్లెహేమునుండి చేనికి వచ్చి, యవలు కోయుచున్న కూలివాండ్రను దేవుని తోడు కోరుచు పలుకరించును. వారును ఆయనను దీవింతురు. చూడుడు, అది రాకనాటి పలుకు! యజమాని పొలమునకు వచ్చినపుడు, గురువు పీఠమునకు వచ్చినపుడు చెప్పబడిన మాట, ఇంగ్లీషువాని యింట పోకనాటి మాటయై స్థిరపడినది. కలిసియున్నవేళ తోడు ఎదుటనే యున్నది, కోరనక్కరలేదు. ఎదుటి తోడు ఎడబాయు క్షణముననే ఎదుట లేని తోడు జ్ఞప్తికి వచ్చును. ఆ మాటను జనులు వాకిటి గడపకడ నిలిపిరన్న, దానికి తగిన చోటెరిగియే నిలిపిరని నా నమ్మకము.

ఇచ్చట ఒక సందేహము తలయెత్తును. దేవుడు సర్వవ్యాపియని క్రైస్తవుడును చెప్పును, మహమ్మదీయుడును చెప్పును, వేదాంతియు చెప్పును. స్తంభమున నున్నాడా అని అడిగినవానికి ఉన్నాడని ప్రహ్లాదుడు చెప్పిన సమాధానము తెలుగు పిల్లలందరు విన్నదే. అంతట నున్నవానిని ‘వీనితో నుండుము’ అని కోరుట ఏమి? గాలిని వీచుమని, నీటిని తడిగా నుండుమని వేడినట్లు కాదా? ఈ ప్రశ్నకు సమాధానము ఆ ప్రార్థన దేవునిగూర్చి చెప్పుదానిలో దొరకదు. అది పలుకువానిగూర్చి చెప్పుదానిలో దొరకును. సాగనంపుటకు వచ్చినవాడు ఊరిపొలిమేరవరకు నడువగలడు, రైలుపెట్టె ప్రక్కన నాలుగడుగులు పరుగెత్తగలడు. ఆ పైన వాని తోడు చెల్లదు. ప్రియజనులను జలాశయపు గట్టువరకే అనుసరింపవలెనను సంప్రదాయమును కాళిదాసు శాకుంతలము నాలుగవ అంకమున శిష్యుడు కణ్వునకు జ్ఞాపకము చేయును; ఋషియైనను అక్కడ ఆగవలసినదే. తన తోడునకు హద్దు వచ్చినదని ఒప్పుకొని, హద్దులేనివాని చేతిలో బిడ్డను పెట్టుటయే ఆ ప్రార్థనలోని క్రియ. దేవుని ఒకచోటినుండి మరియొకచోటికి కదలించుట దానిలో లేదు. పంపువాడు తన పట్టు సడలించుకొనుట యున్నది.

మన పెండ్లిండ్లలో దీనికి కంటికి కనబడు రూపమున్నది. అప్పగింతలవేళ పెండ్లికూతురి చేతులు పాలలో ముంచి, తల్లిదండ్రులు ఆ చేతులను అత్తమామల చేతులలో పెట్టుదురు. ఫ్రెంచివారి ‘అదియ’, స్పెయినువారి ‘అదియోస్’, ఇటలీవారి ‘అద్దీయో’ అను వీడ్కోలు మాటలకు అర్థము ‘దేవునికి’ అని మాత్రమే. దేవునికి ఏమి? దేవునికి నిన్ను అప్పగించుచున్నాను అను వాక్యమున మొదటి భాగమును కాలము తినివేసి, ఎవరి చేతిలో పెట్టుచున్నారో ఆ పేరునుమాత్రము మిగిల్చినది. హైదరాబాదు వీధులలో తెలుగువారి చెవులకు చిరపరిచితమైన ‘ఖుదా హాఫిజ్’ అనుదానికిని దేవుడే నీకు కాపు అని అర్థము. ‘హాఫిజ్’ అనగా కాచువాడు. కొరాను సమస్తమును కంఠస్థము చేసినవానికిని ఆ పేరే. కాచుటకును జ్ఞాపకముంచుకొనుటకును ఒకే మాట చాలునని తలచిన ఆ భాష లోతునకు నేను నమస్కరించుచున్నాను.

అన్ని జాతులును దేవునిపేరే చెప్పవు. రోమనులు ‘బలముగా నుండు’ అనిరి. రష్యనులు దీర్ఘవియోగమునకు వాడు మాట క్షమాపణార్థక ధాతువునుండి పుట్టినది. వెళ్ళునపుడు మన్నింపుమని అడుగుట ఎంత పెద్ద సంస్కారము! జపానువారి ‘సయొనర’ అనగా ‘అట్లే అగునేని’ అని. ఆ సగపు వాక్యమును వారు ముగింపరు. మరల చూచువరకు అని చెప్పు జర్మను, ఫ్రెంచి మాటలు మన ‘వెళ్ళొస్తాను’కు సోదరములు. ఇంగ్లీషువారికి గల ‘ఫేర్‌వెల్’ అనునది బాగుగా ప్రయాణింపుమని చెప్పును. ఆ ‘ఫేర్’ ప్రయాణార్థకమై, పిదప ప్రయాణమునకగు వ్యయమై, నేడు మన బస్సులలో టిక్కెట్టు వెలగా వినబడుచున్నది. తమిళమున ‘సెలవు’ అను మాటకును పోకడ, వ్యయము అని రెండర్థములు గలవు. ఆ మాటయే తెలుగున అనుజ్ఞయై, ‘సెలవు తీసుకుంటాను’ అను మర్యాదయైనది. వెళ్ళువాడు ఉండువారిని అడిగియే కదలవలెనను భావము సంస్కృతమునను ఉన్నది. అచ్చట వీడ్కొనుటకు వాడు ఒక క్రియకు అసలర్థము ‘అడుగుట’. మేఘసందేశమున యక్షుడు మేఘుని, ప్రియసఖుడైన కొండను కౌగిలించుకొని అడిగి బయలుదేరుమనును. కణ్వుడు శకుంతల నీరు పోసి పెంచిన చెట్లను అనుజ్ఞ వేడును.

మరల ఆ బాలుని ప్రశ్నకు వత్తును. అర్థము మరచి పలికిన ఆశీస్సు ఆశీస్సగునా?

కాదనినవారు సామాన్యులు కారు. 17వ శతాబ్దిలో ఇంగ్లండున క్వేకరు సమాజమునకు మూలపురుషుడైన జార్జి ఫాక్స్, ఎవరికిని శుభోదయమని, శుభసాయంకాలమని చెప్పరాదని తనకు ప్రభువు ఆజ్ఞ అయినట్లు తన ఆత్మవృత్తమున చెప్పుకొనెను. ఆ గ్రంథము ఆయన మరణానంతరము 1694లో వెలువడినది. నోటిమాట హృదయముతో సరితూగవలెనను నియమమును ఆ సమాజమువారు అంత కఠినముగా పాటించిరి. ఆ త్రాసున తూచినచో అలవాటు చొప్పున వచ్చు శుభాకాంక్ష యంతయు చిన్న అసత్యమే. మనవైపున యాస్కమహర్షి యున్నాడు. మంత్రములకు అర్థమే లేదని వాదించిన కౌత్సుని ఆయన నిరుక్తమున ఖండించెను; గ్రుడ్డివాడు చూడలేకపోయినచో అది స్తంభము తప్పు కాదనెను; వేదము వల్లించి అర్థమెరుగనివానిని బరువు మోయు మోడుతో పోల్చెను. పదముల పుట్టుకలు వెదకుటకే జీవితమును ధారవోసిన ఆ మహనీయునకు ‘గుడ్‌బై’ని చూపినచో, దానిని పలుకు మనలనందరను ఆయన మోడుల వరుసలోనే నిలిపియుండును.

వీరికి ఎదురుగా నిలుచునది భాగవతము షష్ఠస్కంధములోని అజామిళుని కథ. తెలుగున దీనిని రచించినవాడు పోతన కాదు, ఏర్చూరి సింగన. కన్యాకుబ్జమున పుట్టి, సదాచారుడై పెరిగి, పిదప కులకాంతను విడిచి, దాసీస్త్రీయందు చిక్కి, దొంగతనములతోను జూదములతోను బ్రదికిన అజామిళునకు ఎనుబదెనిమిది యేండ్లు నిండిన పిదప యమదూతలు వత్తురు. పదుగురు కొడుకులలో కడగొట్టువాడు, వానికి ప్రాణముకంటె మిన్నయైనవాడు, నారాయణుడనువాడు కొంత దూరమున ఆడుకొనుచుండెను. భయకంపితుడైన ముదుసలి కొడుకును పేరుపెట్టి కేకవేసెను. విష్ణుదూతలు వచ్చి నిలిచిరి. ఇచ్చట వినువానికి తోచు ప్రశ్న మా బడిలోని బాలుడు వేసినదే: వీడు పిలిచినది కొడుకును గదా, దేవుని ఎట్లు పిలిచినవాడగును? దానికి విష్ణుదూతలు చెప్పిన సమాధానము మతచరిత్రలో మిక్కిలి సాహసమైనది. వేరొకరికి గుర్తుగా పలికినను, పరిహాసముగా పలికినను, పాటలో ఊతపదముగా పలికినను, తుదకు హేళనగా పలికినను ఆ నామము నామమేయని వారు తీర్పు చెప్పిరి.

ఈ నాలుగు విధములును ‘గుడ్‌బై’ చరిత్రలో వరుసగా కానవచ్చుట నన్ను ఆశ్చర్యపరచును. హార్వే లేఖలోని గాలనులు పరిహాసము. చంకనెక్కిన శిశువు పలుకు ‘బై’ పాటలోని ఊతపదము. గంట కొట్టినదన్న గుర్తుగా మేము పెట్టిన కేక సంకేతము. కోపించి తలుపు బిగించువాడు విసరు ‘గుడ్‌బై’ హేళనము. అట్లయినచో ఇవి యన్నియు నామస్మరణములే యని చెప్పి ఊరకుందమా? నేను ఊరకుండలేను. ఏలయన, ఆ కథ అక్కడ ముగియలేదు. దూతలిరువాగులవారు వెడలిపోయిన పిమ్మట అజామిళుడు చావలేదు. లేచి కూర్చుండి, తన బ్రదుకును తలచి పశ్చాత్తప్తుడై, సంసారము విడిచి గంగాద్వారమునకు పోయి, యోగనిష్ఠతో మనస్సును నిలిపిన తరువాతనే పరమపదమునకు చేరెను. తెలియక పలికిన పేరు వానికి గడువునిచ్చినది. ఆ గడువును తెలిసి వాడుకొనినది అజామిళుడే. యాస్కుడును భాగవతమును ఇచ్చట పరస్పరవిరుద్ధులు కారు.

ఇంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి గలదు. వ్యాఖ్యానములయందు దీనికి దక్కవలసినంత చోటు దక్కలేదని నా మనవి. అజామిళుడు దేవుని మరచి పిలిచెనుగాని కొడుకును మరచి పిలువలేదు. ఆ కేకలో వాని ప్రాణమంతయు నున్నది. దేవునిగూర్చి అజ్ఞానము, బిడ్డనుగూర్చి పరిపూర్ణమైన ఎరుక. దేవుడనగా పిలువబడినవాడని చెప్పుకొంటిమి. అంతటి పిలుపు వినబడినపుడు అది తన పేరా, పొరుగువాని పేరా అని విచారించువాడు దేవుడెట్లగును? ఆ ముసలివాడే, కొడుకు వంక చూడక, ఆవులించుచు అదే పేరు నమిలియున్నచో విష్ణుదూతలు వచ్చియుందురా? కథ చెప్పదు. రారనియే నా తలపు.

ఇక మనవారి మాటలను చూడుడు. ఆశీస్సు అరిగి వీడ్కోలగుట ఇంగ్లీషునకే చెందిన విపరీతము కాదు. ‘స్వస్తి’ అనగా మేలగు గాక అని. నేడు ‘ఉద్యోగానికి స్వస్తి చెప్పాడు’ అనగా మానివేసెనని. మంగళము పాడుటయు అట్టిదే. శుభము కోరు పాట మూతవేయుటకు పేరైనది. కాని ‘వెళ్ళొస్తాను’ అను మాట విషయమున తెలుగు జాతి మరుపునకు లోబడలేదు. ‘పోతున్నా’ అని వాకిట నిలిచిన మనుమనిని, ‘పోతాననకూడదు నాయనా, వెళ్ళొస్తానను’ అని దిద్దని అవ్వ తెలుగునాట లేదు. సంస్కృత నాటకములలోని పాత్రలును ‘పోవుదును’ అనుటకు మారుగా ‘సాధింతును’ అను అర్థముగల క్రియతో నిష్క్రమించుట కలదు. పోకలో రాకను కలిపి చెప్పుట మనకు కేవలము అలవాటా, ఎరిగి చేయు కోరికయా అని ఎవరైన అడిగినచో, నేనొక యింటిని చూపుదును. మృత్యువు వచ్చిన యింటికి పరామర్శకు పోయినవాడు లేచునపుడు ‘వెళ్ళొస్తాను’ అనడు. నిన్నటివరకు వేయిమార్లు ఆలోచన లేక నోటవచ్చిన మాట ఆ గడపకడ పెదవి దాటదు. తలవంచి మౌనముగా వెడలును. అర్థము చచ్చిన మాటయే అయినచో దానిని ఆ ఒక్కయింట ఆపువారెవరు? దినదినము పరధ్యానముగా పలుకు పలుకులోను అర్థము నిద్రించుచున్నదే కాని చావలేదని, అవసరమైన వేళ తానే మేల్కొని నాలుకను పట్టునని ఆ మౌనము సాక్ష్యమిచ్చుచున్నది.

మరియొక మాట. లేఖ ముగించుచు, టెలిఫోను పెట్టివేయుచు తెలుగువాడు ‘ఉంటాను మరి’ అనును. వెళ్ళువాడు ఉంటాననుట! గమనాగమనములు దేహమునకే కాని ఆత్మకు లేవని చెప్పు వేదాంతి దీనిని విని సంతసించును. అంత దూరము పోకున్నను, నీ తలపున ఉంటాను, నేను క్షేమముగా ఉంటాను అను రెండభయములు ఇందున్నవి. ఇంగ్లీషు ‘బై’లో నేడు మిగిలినదేమి? దేవుని పేరు పోయినది. ‘తో’ అను మాట ‘బ్వై’లోని సన్నని వకారముగా కొంతకాలము నిలిచి అదియు పోయినది. మిగిలినవి ‘బీ’ ఒకటి, ‘యీ’ ఒకటి, ఉండుట, మీరు. ‘మీరు ఉందురు గాక’. ఆ భాష అరుగగా అరుగగా తేలినదియు, మన భాష సహజముగా పలుకునదియు ఒక్క ‘ఉండుట’యే యగుట కేవలము యాదృచ్ఛికమని పండితులు చెప్పుదురు. చెప్పనిండు. నేను ఆ మాట విన్నప్పుడెల్ల ఈ పోలిక నాకు తోచుచునే యుండును.

కావున ఆ బాలునకు ఇప్పుడు నా సమాధానము. దేవుని తలపకున్నను ఎదుటి మనిషిని తలచి పలికినచో ‘గుడ్‌బై’ ప్రార్థనయే. ఎదుటివానిని మరచి పలికినచో, దేవుని పేరు చెక్కుచెదరక అందుండినను, అది ప్రార్థన కాదు. ఆ సాయంకాలము మేము కేక పెట్టినపుడు మా చూపులు వాకిలిమీద నుండెను, మనస్సులు ఆటస్థలమున నుండెను. మాస్టారు మాకు కనబడనేలేదు. అది ప్రార్థన కాదు. కాని ఆయన నల్లబల్లమీద వ్రాసి చూపిన మరునాటినుండి మాలో నలుగురైదుగురము గుమ్మమువద్ద ఆగి, వెనుకకు తిరిగి, ఆయన ముఖము చూచి ఆ మాట అనుచుంటిమి. ఆయనయు చేయి ఎత్తెడివారు. అవి ప్రార్థనలే యని నేను నిస్సంశయముగా చెప్పగలను.

పాఠకులను వేడునది యిది. నేడు మీ యింటినుండి ఎవరు బయలుదేరినను కూర్చున్నచోటనుండియే పలికి ఊరకుండకుడు. లేచి గడపదాక వెళ్ళుడు. ‘బై’ అన్నను సరియే, ‘వెళ్ళిరండి’ అన్నను సరియే, వారి ముఖము చూచి అనుడు.